మూసీ ముంచెత్తితే మోక్షగుండం ఎక్కడ వెతికారు? కొల్లేరు ఊళ్లకూ పనికొచ్చే కథ

ఏలూరు: 2024 సెప్టెంబర్ మొదటి వారం. బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. టీవీల్లో అందరూ చూసింది పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో జారవిడిచిన ఆహార పొట్లాలు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దానికి ముందు ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో సుడిగాలి లాంటి గాలికి వేల చెట్లు నేలకూలాయి. మొత్తం మీద తెలుగు రాష్ట్రాలు వణికిపోయిన వారం అది.

అయితే విజయవాడ కాలనీల్లోంచి దిగిపోయిన నీళ్లు ఎక్కడికి వెళ్లాయి? కొల్లేరు లంకల్లో ఉండేవాళ్లని అడిగితే వెంటనే చెబుతారు. బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. బెజవాడలో నీళ్లు తగ్గాయని అక్కడివాళ్లు ఊపిరి పీల్చుకుంటుంటే.. ఇక్కడ నీటిమట్టం పెరగడం మొదలైంది. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదకు నీళ్లెక్కి రాకపోకలు ఆగాయి. ఒక ఊరి వరద ఇంకో ఊరికి చేరడం అంటే ఇదే.

ఆ వరద బురద ఆరకముందే సెప్టెంబర్ 15 వచ్చింది. అంటే ఇంజినీర్స్ డే. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, ఏలూరులో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఏటా ఆ రోజు తలపాగా, కోటు వేసుకున్న ఒక పెద్దాయన ఫొటోకి దండ వేయడం అందరికీ తెలిసిందే. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. కానీ వందేళ్ల కిందట ఒక నగరం వరదలో కొట్టుకుపోయినప్పుడు ఆ పెద్దాయన ఏం చేశారు, సమాధానం ఎక్కడ వెతికారు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. కొల్లేరు చుట్టూ ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ ఇది.

ఇంటిపేరు మనదే..

విశ్వేశ్వరయ్య పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో. 1860ల మొదట్లో, సెప్టెంబర్ 15న. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వాళ్లది తెలుగు కుటుంబం. పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుంచి వలస వెళ్లారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

చిన్న వయసులోనే తండ్రి పోయారు. చదువు కోసం బెంగళూరు చేరారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివారు. 1881లో బీఏ పాసయ్యారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణె వెళ్లి ఇంజినీరింగ్ చదివి, 1883లో ఫస్ట్ ర్యాంక్ కొట్టారు. మరుసటి ఏడాదే బాంబే ప్రభుత్వం పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా తీసుకుంది. మొదటి పోస్టింగ్ నాసిక్.

నీటితోనే ఉద్యోగం మొత్తం

అక్కడి నుంచి దాదాపు పాతికేళ్ల ఉద్యోగం. అందులో ఎక్కువ భాగం నీటి చుట్టూనే తిరిగింది. సింధ్‌లోని సుక్కూరు పట్టణానికి తాగునీరు కావాలంటే ఆ పని చూశారు. ఏడెన్‌లో నీళ్లు, డ్రైనేజీ సమస్య వస్తే 1906లో అక్కడికి వెళ్లి పథకం వేసిచ్చారు. దక్కన్ కాలువల కింద నీళ్లు వృథా కాకుండా బ్లాకుల వారీగా పంచే పద్ధతి తెచ్చారు.

వీటన్నిటిలోకీ వరదతో నేరుగా సంబంధం ఉన్న పని ఒకటుంది. పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం. సీజన్‌లో నీళ్లు అలుగు మీదుగా పొర్లి పోయేవి, వేసవిలో మాత్రం కొరత. డ్యామ్ ఎత్తు పెంచితే కట్టడం మీద భారం పెరుగుతుంది. విశ్వేశ్వరయ్య అలుగు మీద ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. నీళ్లు ఒక మట్టం దాకా వస్తే గేట్లు ఆపుతాయి. అంతకు మించి వరద వస్తే వాటంతట అవే తెరుచుకుంటాయి. మట్టం తగ్గగానే మళ్లీ మూసుకుంటాయి. అర్ధరాత్రి వరదొచ్చినా మనిషి పరిగెత్తుకుంటూ వెళ్లి గేటు ఎత్తాల్సిన పని లేదు. 1903 నాటి మాట ఇది. నీటిని ఆపడం ఎంత ముఖ్యమో, సరైన సమయానికి వదలడం కూడా అంతే ముఖ్యమన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. తర్వాత హైదరాబాద్‌లో ఆయన చేసిన పని మొత్తం ఆ ఆలోచన మీదే నడిచింది.

పని బాగానే జరుగుతున్నా పైకి వెళ్లే దారి కనిపించలేదు. చీఫ్ ఇంజినీర్ కుర్చీకి ముందు వరుసలో చాలామంది సీనియర్లున్నారు. దాంతో బాంబే సర్వీసు వదిలేయాలని నిర్ణయించుకున్నారు. 1908లో సొంత ఖర్చుతో విదేశాల్లో డ్యాములు, కాలువలు, డ్రైనేజీలు చూడ్డానికి బయల్దేరారు. ఆయన యూరప్‌లో ఉండగానే.. ఇక్కడ మూసీ పొంగింది.

1908 సెప్టెంబర్ 28: ఆ రోజు ఏం జరిగిందంటే..

మామూలు రోజుల్లో మూసీ పెద్ద నదేం కాదు. హైదరాబాద్ మధ్యలోంచి పోయే ఏరు. ఆ ఏడాది సెప్టెంబర్ చివర్లో ఎగువన కుండపోత మొదలైంది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన నమోదైంది. 28వ తేదీ తెల్లవారేసరికి నది గట్లు దాటింది. గంట గంటకీ మట్టం పెరిగిపోయింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, ఘాన్సీబజార్ ప్రాంతాలు నీటిలో కలిసిపోయాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. పురానాపూల్ ఒక్కటే నిలబడింది. నది ఒడ్డున ఉన్న ఆస్పత్రి కూడా కొట్టుకుపోయింది.

అప్పటి హైదరాబాద్ జనాభా ఐదు లక్షల లోపే. అందులో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. దాదాపు 19 వేల ఇళ్లు కూలాయి. 80 వేల మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యని, కూతుర్ని ఆ ఒక్క రోజులోనే పోగొట్టుకున్నారు. కుటుంబంలో ఆయన ఒక్కరే మిగిలారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

సాయం అందింది.. ఆ తర్వాత?

అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్. నిజాం తన ప్యాలెస్ తలుపులు తెరిచి బాధితులకు ఆశ్రయం ఇచ్చారు. ఊరంతా ఉచిత వంటశాలలు పెట్టించారు. బట్టలు, డబ్బు పంచారు. విరాళాల కోసం నిధి ఏర్పాటైంది. శవాలు తీయించడం, శిథిలాలు తొలగించడం, జబ్బులు ప్రబలకుండా చూడటం.. ఇలా ఒక నగర పాలన అత్యవసరంగా ఏం చేయాలో అవన్నీ ఆనాటి పద్ధతుల్లో జరిగాయి. నిజాం స్వయంగా మూసీ దగ్గరికెళ్లి పూజ చేసి పట్టుచీర సమర్పించారని హైదరాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కానీ వంటశాలలు ఎన్నాళ్లు నడుస్తాయి? కొన్ని వారాలు. ప్యాలెస్‌లో ఎన్నాళ్లు ఉంటారు? జనం మళ్లీ అదే ఒడ్డుకి, అదే గోడల దగ్గరికే తిరిగి రావాలి. మరుసటి ఏడాది మళ్లీ వానాకాలం వస్తుంది. అప్పుడు ఏంటన్న ప్రశ్నకి గంజి కేంద్రం దగ్గర జవాబు దొరకదు. హైదరాబాద్ ప్రభుత్వం ఈ సంగతి గ్రహించింది. పాత ఊరిని మళ్లీ కట్టడానికి, ఇంకోసారి వరద రాకుండా చూడటానికి ఒక ఇంజినీర్ కావాలనుకుంది. యూరప్ టూర్‌లో ఉన్న విశ్వేశ్వరయ్యకి కబురు వెళ్లింది. ఆయన ఒప్పుకున్నారు. అయితే టూర్ మధ్యలో ఆపి పరుగెత్తుకు రాలేదు. అనుకున్నవి చూసుకుని, 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరారు.

నగరంలో కాదు.. ఎగువన వెతికారు

మునిగింది నగరం. కాబట్టి నది ఒడ్డున గోడలు ఎత్తుగా కట్టేస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. విశ్వేశ్వరయ్య మాత్రం ముందు వాన లెక్కలు తీశారు. ఎక్కడ ఎంత కురిసింది, ఏ గంటకి నది ఎంత ఎత్తుకు వచ్చింది, ఒడ్డున గోడల మీద నీటి మరకలు ఎక్కడిదాకా ఉన్నాయి.. ఇలా ఒక్కో వివరం పోగేశారు. హైదరాబాద్‌కి నీళ్లొచ్చే పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లని తేలింది. వరద ఉధృతి ఒక దశలో 4.25 లక్షల క్యూసెక్కులకి చేరిందని లెక్కకట్టారు. మూసీ లాంటి చిన్న నదికి అది నమ్మలేనంత ప్రవాహం.

ఎందుకంత వచ్చింది? అసలు విషయం ఇక్కడే బయటపడింది. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. దాదాపు చదరపు మైలుకి ఒకటి. మామూలుగా ఇవే వాన నీటిని పట్టి ఉంచి ఊరిని కాపాడతాయి. ఆ రెండు మూడు రోజుల్లో వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువులు ఎలా ఉంటాయో మన పల్లెల్లో అందరికీ తెలుసు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి వస్తుంది. పైదాని గట్టు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారి కిందదాని మీద పడతాయి. అది తట్టుకోలేక తెగుతుంది. దాని కింద ఇంకోటి. ఇలా ఒకదాని వెంట ఒకటి తెగి, వాన నీటికి చెరువుల్లోని నీరు కూడా తోడై నగరం మీదకి వచ్చి పడింది.

అంటే నగరాన్ని ముంచింది ఒక్క వానే కాదు. నగరానికి మైళ్ల దూరంలో ఉన్న గట్ల పరిస్థితి కూడా. నగరవాసులెవరూ ఎప్పుడూ చూడని, పట్టించుకోని చెరువు గట్లు అవి.

రెండు జలాశయాలు.. ఒకటే సూత్రం

1909 అక్టోబర్‌లో విశ్వేశ్వరయ్య రిపోర్టు ఇచ్చారు. హైదరాబాద్ చేరి అప్పటికి ఆరు నెలలు. అందులో ప్రధానమైన సూచన.. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని. పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లని అక్కడ ఆపాలి. నగరంలో నది ఎంత మోయగలదో అంతే కిందికి వదలాలి. మిగతాది వరద తగ్గాక మెల్లగా పంపాలి. వరద మొత్తాన్నీ మాయం చేయడం ఎవరి వల్లా కాదు. అది ఒక్కసారిగా రాకుండా చేస్తే చాలు. సూత్రం అంతే.

రెండో సూచన నగరం లోపలి సంగతి. నది పొడవునా గట్లు ఎత్తు పెంచి, ఒడ్డున రోడ్లు, తోటలు వేయాలన్నారు. మూడోది డ్రైనేజీ. మురుగు నీళ్లకి సరైన దారి లేని ఊరిలో వరద పోయినా జబ్బులు పోవు కాబట్టి, భూగర్భ డ్రైనేజీకి కూడా పథకం వేశారు.

రిపోర్టు ఇచ్చిన వెంటనే పనులు మొదలవ్వలేదు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. మురికివాడల స్థానంలో కొత్త ఇళ్లు, వెడల్పాటి రోడ్లు వచ్చాయి. మూసీ మీద జలాశయం 1920లో పూర్తయింది. అదే ఉస్మాన్‌సాగర్, జనం నోట గండిపేట. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. అంటే వరద వచ్చిన తర్వాత మొత్తం పథకం చేతికి రావడానికి 19 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో పాలకుడు మారారు, ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. అయినా ఫైలు మూలన పడలేదు. ఇది విశ్వేశ్వరయ్య గొప్పతనం ఎంతో, ఆ పని వదలకుండా పూర్తి చేసిన హైదరాబాద్ ఇంజినీర్లు, అధికారుల గొప్పతనం కూడా అంతే.

వరద ఆపడానికి కట్టిన ఆ రెండూ తర్వాత నగరానికి తాగునీరు ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగి పెరిగామని చెప్పుకునే తరాలు ఇప్పటికీ ఉన్నాయి.

మైసూరు రోజులు

హైదరాబాద్ పని ముగియగానే 1909 చివర్లో మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీర్‌గా వెళ్లారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ డ్యామ్ ఆయన హయాంలోనే మొదలైంది. పుణెలో మొదలుపెట్టిన ఆటోమేటిక్ గేట్ల ఆలోచన అక్కడా పనికొచ్చింది. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్‌గా ఉన్నారు. మైసూరు బ్యాంకు, మైసూరు యూనివర్సిటీ ఆ కాలంలో వచ్చినవే. భద్రావతి ఉక్కు కర్మాగారం వెనకా ఆయనే ఉన్నారు. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

ఆయన ప్రతి నిర్ణయాన్నీ అందరూ మెచ్చుకున్నారని కాదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు వాటా ఇవ్వాలన్న డిమాండ్ మైసూరులో బలంగా వచ్చింది. మహారాజా దానివైపు మొగ్గారు. విశ్వేశ్వరయ్య మాత్రం ప్రతిభే కొలమానం అన్న పట్టు వీడలేదు. చివరికి దివాన్ పదవి వదులుకున్నారు. ఆ విషయంలో ఆయన వైఖరి మీద విమర్శలు ఇప్పటికీ ఉన్నాయి. లెక్కలతో నీటిని అర్థం చేసుకున్నంత బాగా సమాజాన్ని అర్థం చేసుకోలేదని అనేవాళ్లూ ఉన్నారు.

పదవి పోయినా పని ఆగలేదు. 1920ల్లో హైదరాబాద్ డ్రైనేజీ పనుల మీద సలహా ఇవ్వడానికి మళ్లీ వచ్చారు. 1937లో ఒరిస్సాలో మహానది డెల్టా వరదలతో అల్లాడుతుంటే, గాంధీజీ సూచన మీద అక్కడి సమస్యను పరిశీలించారు. అప్పటికి డెబ్బై ఐదేళ్లు దాటాయి. అక్కడా ఆయన చెప్పింది దాదాపు అదే. డెల్టాలో గట్లు పెంచుకుంటూ పోతే చాలదు, ఎగువన నదిని అదుపు చేయాలని. తర్వాత మహానది మీద హిరాకుడ్ డ్యామ్ వచ్చింది. 1955లో విశ్వేశ్వరయ్యకి భారతరత్న దక్కింది. వందేళ్లు దాటి బతికారు. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే దేశం ఇంజినీర్స్ డేగా చేసుకుంటోంది.

గండిపేట ఉన్నా వరదలు ఆగాయా?

ఈ ప్రశ్న రావడం సహజం. 2000 ఆగస్టులో, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగిన సంగతి అందరికీ గుర్తుంది. నిజమే. అయితే ఆ వరదల తీరు వేరు. నగరంలోనే కురిసిన వాన, పూడిపోయిన నాలాలు, ఆక్రమించిన చెరువులు వాటికి పెద్ద కారణం. ఎగువన కట్టిన జలాశయం ఎగువ నీటినే ఆపగలదు. నగరం నడిబొడ్డున పడ్డ వానని ఆపలేదు. 1909 నాటి రిపోర్టులో గట్లు, డ్రైనేజీ కూడా ఎందుకు ఉన్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. మూడూ కలిస్తేనే పథకం. ఒకటి ఉంచుకుని రెండు వదిలేస్తే రక్షణ సగమే.

జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చింది. దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. భూమి విలువ పెరిగాక, వరద గుర్తుండటం కష్టం.

మరి కొల్లేరు సంగతేంటి?

ఇప్పుడు మళ్లీ మన దగ్గరికి వద్దాం. విశ్వేశ్వరయ్య హైదరాబాద్ కోసం కోరుకున్నది ఏంటి? పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్లని కాసేపు పట్టి ఉంచి, తర్వాత మెల్లగా వదిలే ఒక చోటు. అది మూసీకి లేదు కాబట్టి డబ్బు పెట్టి, ఏళ్ల తరబడి శ్రమపడి రెండు కట్టుకున్నారు.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ప్రకృతి అలాంటి చోటు ఒకటి ఉచితంగా ఇచ్చింది. అదే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు.. వీటితో పాటు అరవైకి పైగా డ్రెయిన్లు, కాలువలు దీనిలోకే వస్తాయి. బయటకి దారి మాత్రం ఒక్కటే. ఉప్పుటేరు. 60 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. పైనుంచి వరద ఒక్కసారిగా వస్తే కొల్లేరు విచ్చుకుంటుంది, దాన్ని తనలో ఉంచుకుంటుంది, ఉప్పుటేరు గుండా మెల్లగా పంపుతుంది. గండిపేట చేసే పనే ఇది.

కాకపోతే మనం ఆ చోటుని తగ్గించుకుంటూ వచ్చాం. సరస్సులో గట్లు లేచాయి, చేపల చెరువులు పెరిగాయి. ఉప్పుటేరు పూడుకుపోయింది. 1964 వరదల తర్వాత ఏసీ మిత్ర అధ్యక్షతన వేసిన కమిటీ డెల్టా డ్రైనేజీని పరిశీలించి, ఉప్పుటేరు సామర్థ్యం పెంచాలని చెప్పింది. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత మళ్లీ కొన్ని లేచాయి. ఈ గట్ల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్ల బతుకు ప్రశ్న చిన్నది కాదు. పొక్లెయిన్లు పంపినంత మాత్రాన తీరేదీ కాదు. అలాగని సరస్సు కుంచించుకుపోతే, వరద రోజున ముందు మునిగేది కూడా అదే లంకల్లోని ఇళ్లు.

ఏలూరు నగరానికీ ఇది వర్తిస్తుంది. తమ్మిలేరు ఊరి దగ్గర రెండు పాయలుగా చీలి, నగరాన్ని చుట్టి కొల్లేరుకి పోతుంది. ఎగువన నాగిరెడ్డిగూడెం రిజర్వాయర్ నుంచి నీళ్లు వదిలిన ప్రతిసారీ ఏలూరులో ఏటిగట్టు కాలనీల వాళ్లకి నిద్ర ఉండదు. కొల్లేరు అప్పటికే నిండి ఉంటే తమ్మిలేరు నీళ్లు దిగడం ఇంకా ఆలస్యం. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగితే వరి పొలాలు రోజుల తరబడి నీళ్లలోనే. 2024 జూలైలో నాట్లు వేసిన రైతులకి అది అనుభవమే.

2024 సెప్టెంబర్‌లో గండ్లు పూడ్చడానికి సైన్యం వచ్చింది. రాత్రీ పగలూ పని చేసి గండ్లు పూడ్చారు. ఇంటింటికీ సాయం చేరింది. ఆ రోజుకి అదే అవసరం, అందులో అనుమానం లేదు. 1908లో నిజాం ప్యాలెస్ తలుపులు తెరవకపోతే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో.

అయితే ఆ నిజాం ప్రభుత్వమే వంటశాలలు మూసేశాక కూడా ఆగలేదు. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కనుక్కోమని ఒక ఇంజినీర్‌ని పిలిచింది. ఆయన నగరం వదిలి ఎగువ చెరువు గట్ల దాకా వెళ్లి లెక్క తేల్చారు. ఆ లెక్క ప్రకారం 19 ఏళ్లు పని చేశారు. బుడమేరు పైన గట్లు ఎలా ఉన్నాయి, కొల్లేరులో నీళ్లకి ఎంత చోటు మిగిలింది, ఉప్పుటేరు ఎంత మోయగలదు.. ఈ మూడు లెక్కలూ విజయవాడ, ఏలూరు, కైకలూరు, ఆకివీడు అన్నిటికీ కలిపి ఒకటే లెక్క. ఏ ఊరికి ఆ ఊరు గట్టు కట్టుకుంటే నీళ్లు పక్క ఊరికి పోతాయి తప్ప తగ్గవు.

మళ్లీ సెప్టెంబర్ 15 వస్తుంది. కాలేజీల్లో ఆ పెద్దాయన ఫొటోకి మళ్లీ దండ పడుతుంది. అదే నెలలో బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనం కూడా రావచ్చు. మూసీకి లేని జలాశయాన్ని ఆయన కాగితం మీద గీసి, కట్టించమని చెప్పి వెళ్లారు. మనకి గీయాల్సిన పని కూడా లేదు. అది ఆల్రెడీ ఉంది. పూడ్చకుండా ఉంచుకుంటే చాలు.